బాధ లేనప్పుడే చేయించుకోవలసిన పరీక్ష: కొలనోస్కోపీ గురించి

అమ్మా,

మీరు రాసినది ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, చదివే మిగతావారికి కూడా సందర్భం తెలుస్తుంది. మీవారికి 47 ఏళ్లు, మీరు డల్లాస్‌లో ఉంటున్నారు. 45 నిండగానే మీ డాక్టరు గారు కొలనోస్కోపీ, అంటే మలద్వారం గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోమని రాసిచ్చారు. ఒకసారి ఆఫీసు పని అడ్డం వచ్చిందని, మరోసారి ఇండియా ప్రయాణం పడిందని మీవారు రెండు తేదీలనూ రద్దు చేసుకున్నారు. ఇప్పుడు "నాకే బాధా లేదు, మనం శాకాహారులం, మా వంశంలో ఎవరికీ పెద్దపేగు క్యాన్సర్ లేదు, 50 నిండాక చూద్దాం" అంటున్నారు. మలపరీక్షతో సరిపెట్టుకోవచ్చా అని మీరు అడిగారు. చివరి వాక్యంలో, తెనాలిలో ఉన్న మీ మామగారికి 72 ఏళ్లని, మొలల వల్ల ఏడాదిగా అప్పుడప్పుడు రక్తం పడుతోందని, వేసవిలో ఇక్కడికి వచ్చినప్పుడు ఆయనకు కూడా ఈ పరీక్ష చేయిస్తే మంచిదేమో అని రాశారు.

నేను ఇరవై ఆరేళ్లుగా జీర్ణకోశ వైద్యం చేస్తున్నాను, మొదట విజయవాడలో, ఆ తర్వాత అమెరికాలో. మీరు మీవారి గురించి అడిగారు గానీ, నన్ను కలవరపెట్టింది మీ మామగారి గురించిన ఆ చివరి వాక్యం. అందుకని అక్కడినుంచే మొదలుపెడతాను.

మీ మామగారికి కావలసినది స్క్రీనింగ్ కాదు. ఏ లక్షణమూ లేని మనిషిలో ముందు జాగ్రత్తగా వెతకడాన్ని స్క్రీనింగ్ అంటారు. రక్తం పడుతున్న మనిషికి చేసేది వ్యాధి ఏమిటో తేల్చుకునే పరీక్ష, దానికి వేసవి దాకా గడువు ఇవ్వకూడదు. గుంటూరులోనో విజయవాడలోనో ఉన్న జీర్ణకోశ వైద్యుడికి ఈ వారంలోనే చూపించండి. మలద్వారాన్ని వేలితో పరీక్షించడం, రక్తంలో హిమోగ్లోబిన్ చూడడం, ఆ తర్వాత కొలనోస్కోపీ, ఈ మూడూ అక్కడే జరిగిపోతాయి. ఇక్కడికి వచ్చే పెద్దవాళ్ల కోసం మనం కొనే ప్రయాణ బీమాలు అంతకు ముందే మొదలైన జబ్బుకు సాధారణంగా డబ్బు చెల్లించవు కనుక, ఖర్చు విషయంలో కూడా అక్కడ చేయించడమే మేలు. మలవిసర్జన అలవాటు ఈ మధ్య మారిందా, వెళ్లి వచ్చినా పూర్తిగా కాలేదనిపించి మళ్లీ మళ్లీ వెళ్తున్నారా, బరువు తగ్గారా, మెట్లెక్కితే ఆయాసపడుతున్నారా అని ఫోనులో అడగండి. ఇవేవీ లేవని చెప్పినా సరే, పరీక్ష మాత్రం మానవద్దు.

ఆయనకు నిజంగా మొలలే ఉండవచ్చు. ఆ వయసులో మొలలు ఉండడం సర్వసాధారణం. అయితే మొలలు కనబడినంత మాత్రాన రక్తానికి కారణం అవేనని తేలిపోదు. ఇది నేను పుస్తకం చూసి చెబుతున్న మాట కాదు. మా పెదనాన్న కృష్ణా జిల్లాలో ఒక పల్లెలో వ్యవసాయం చేసేవారు. 62వ ఏట ఆయనకు రక్తం పడడం మొదలైతే ఊళ్లో అందరూ మొలలే అన్నారు. పక్క ఊరిలో ఒకాయన రెండు విడతలుగా సూదిమందు వేశాడు. కంద కూర, పలచని మజ్జిగ పథ్యంగా పెట్టారు. కొన్నాళ్లు తగ్గడం, మళ్లీ రావడం, ఇలా ఏడాదిన్నర గడిచింది. నేను అప్పుడు ఎం.డి. చదువుతున్నాను. ఫోనులో విషయం చెప్పినప్పుడు నేను కూడా, కారం తగ్గించండి పెదనాన్నా, మొలలే అయి ఉంటాయి అన్నాను. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు ఆయన నాకు అరిసెల పళ్లెం అందిస్తుంటే అరచేతులు కనబడ్డాయి. సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. హిమోగ్లోబిన్ 6.8 ఉంది. కొలనోస్కోపీ చేస్తే ఎడమవైపు పేగును ముప్పాతిక వంతు మూసేసిన గడ్డ కనబడింది. అప్పటికే అది కాలేయానికి పాకింది. మొలలు కూడా ఉన్నాయి. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చునని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని, మా ఇంటి మనిషి విషయంలో ఆ మాట మరిచిపోయాను. శస్త్రచికిత్స తర్వాత ఆయన పద్నాలుగు నెలలు బతికారు. అందుకే మొలలు అన్న మాట ఎవరి నోట విన్నా, చూసి అంటున్నారా, అనుకొని అంటున్నారా అని అడుగుతాను.

ఇక మీవారి విషయం. బాధ లేదని ఆయన చెప్పేది ఈ పరీక్ష మానుకోవడానికి కారణం కాదు, చేయించుకోవడానికి అర్హత. పెద్దపేగు సుమారు ఐదడుగుల పొడవుంటుంది. దాని లోపలి పొరలో కణాలు కొద్ది రోజులకొకసారి రాలిపోయి, వాటి చోట కొత్తవి పుడుతూ ఉంటాయి. అంత జోరుగా కణాలు పుట్టే చోట ఎక్కడో ఒకచోట అదుపు తప్పి, అవసరానికి మించి పెరిగి, చిన్న బుడిపె లేస్తుంది. దానినే పాలిప్ అంటాము. వాటిలో అడినోమా అనే రకం కాలక్రమంలో క్యాన్సర్‌గా మారగలదు. చాలా అడినోమాలు మారవు, కానీ పెద్దపేగు క్యాన్సర్లలో అత్యధిక భాగం ఇలాంటి బుడిపెల్లోంచే పుడతాయి, ఆ మార్పుకు సాధారణంగా పదేళ్ల ప్రాంతం పడుతుంది. ఆ కాలమంతా మనిషికి ఏమీ తెలియదు. పేగు సాగితే నొప్పి తెలుస్తుంది గానీ, లోపలి పొరను కోసినా కాల్చినా నొప్పి తెలియదు. బుడిపె పెరిగేటప్పుడు మనకు తెలియకపోవడానికీ, దానిని మేము తీసేటప్పుడు నొప్పి లేకపోవడానికీ కారణం అదొక్కటే. బాధ మొదలైందంటే చాలాసార్లు ఆ పదేళ్ల గడువు అయిపోయిందని అర్థం.

ఈ పరీక్షను చాలామంది క్యాన్సర్ ఉందో లేదో చూసే పరీక్ష అనుకుంటారు, దానివల్లే భయపడి దూరంగా ఉంటారు. నిజానికి ఇందులో ముఖ్యమైన పని క్యాన్సర్‌ను కనిపెట్టడం కాదు, క్యాన్సర్ కాగలిగినదాన్ని ముందే తీసేయడం. 1969లో న్యూయార్కులో విలియం వోల్ఫ్, హిరోమి షిన్యా అనే ఇద్దరు వైద్యులు కొలనోస్కోపు గుండా తీగ ఉచ్చు పంపి పాలిప్‌ను తీయగలిగారు. అంతకు ముందు పేగు లోతట్టున ఉన్న బుడిపెను తీయాలంటే పొట్ట కోయవలసి వచ్చేది. ఇప్పుడు మనిషి మత్తులో ఉండగానే చూడడమూ తీయడమూ ఒకే విడతలో అయిపోతాయి.

మనిషి గుర్తు తెలియకుండా వివరాలు కొన్ని మార్చి, నేను తీసిన ఒక బుడిపె గురించి చెబుతాను. ఆయనకు 46 ఏళ్లు, తెలుగువారే, మీవారిలాగే ఒకసారి వాయిదా వేసి భార్య పట్టుబట్టడంతో వచ్చారు. పేగు మొదటి భాగంలో, రెండు మడతల మధ్య, చుట్టూ ఉన్న పొర రంగులోనే పలచని మచ్చ ఒకటి ఉంది. దాని మీద పసుపుపచ్చని జిగురు టోపీ పెట్టినట్టు అంటుకొని ఉంది. నీళ్లు చిమ్మి ఆ జిగురు కడిగిన తర్వాత గానీ అంచు కనబడలేదు. నిడివి 18 మిల్లీమీటర్లు. నీలం రంగు కలిపిన సెలైన్‌ను సన్నని సూదితో దాని కిందికి ఎక్కిస్తే, పూరీ పొంగినట్టు మెల్లగా పైకి లేచింది. ఉచ్చు బిగించి తీసేశాము. అంతా ఇరవై నిమిషాల పని. ఆయన మత్తులోంచి తేరుకొని మొదట అడిగింది కాఫీ. ఇలాంటి బల్లపరుపు బుడిపెలు అంతగా రక్తం కార్చవు కాబట్టి, మలంలో రక్తాన్ని వెతికే పరీక్షలో దొరకకుండా తప్పించుకుపోయే అవకాశం ఎక్కువ.

తీసేస్తే నిజంగా మేలు ఉంటుందా అని మీవారు అడగవచ్చు. 1993లో వెలువడిన నేషనల్ పాలిప్ స్టడీ ఫలితాల ప్రకారం, అడినోమాలు తీయించుకున్నవారిలో పెద్దపేగు క్యాన్సర్ రావడం లెక్కప్రకారం రావలసినదానికంటే 76 నుంచి 90 శాతం దాకా తగ్గింది. అలా తీయించుకున్నవారిని చాలా ఏళ్లు గమనించి 2012లో ప్రకటించినప్పుడు, ఈ క్యాన్సర్ వల్ల మరణాలు 53 శాతం తక్కువగా తేలాయి. దీనికి ఎదురుగా మీవారు ఇంకొక అధ్యయనాన్ని చూపించవచ్చు కనుక దాని సంగతి కూడా నేనే చెబుతాను. పోలెండ్, నార్వే, స్వీడన్ దేశాల్లో 84,585 మందితో చేసిన ఒక పెద్ద ప్రయోగం 2022లో వెలువడింది. కొలనోస్కోపీకి ఆహ్వానం అందుకున్న వర్గంలో పదేళ్లలో క్యాన్సర్ 18 శాతమే తగ్గింది, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దాంతో ఈ పరీక్ష వల్ల పెద్ద ఉపయోగం లేదని అప్పట్లో చాలా ప్రచారం జరిగింది. అయితే ఆహ్వానం అందినవారిలో నిజంగా వెళ్లి చేయించుకున్నది 42 శాతం మందే. చేయించుకున్నవారిని విడిగా లెక్కగడితే క్యాన్సర్ సుమారు 31 శాతం, దానివల్ల మరణాలు దాదాపు సగం తగ్గినట్టు అంచనా వచ్చింది. రెండేళ్లుగా మీవారి దగ్గర ఉన్నది కూడా ఆహ్వానమే, పరీక్ష కాదు.

50 నిండాక అన్నది పాత నియమం. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2018లో, ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందమైన ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2021 మే నెలలో, మొదలుపెట్టవలసిన వయసును 45కు దించాయి. 50 లోపు వారిలో ఈ క్యాన్సర్ ఏటేటా పెరుగుతూ ఉండడమే అందుకు కారణం. ఈ దేశంలో 50 లోపు మగవారి క్యాన్సర్ మరణాల్లో పెద్దపేగు క్యాన్సరే ఇప్పుడు మొదటి స్థానంలో ఉందని 2024లో ఆ సొసైటీ ప్రకటించింది. నటుడు చాడ్విక్ బోస్‌మన్ 2020 ఆగస్టులో ఈ జబ్బుతోనే పోయినప్పుడు ఆయనకు 43 ఏళ్లు. మొత్తంగా చూస్తే జీవితకాలంలో మగవారిలో సుమారు 24 మందిలో ఒకరికి, ఆడవారిలో 26 మందిలో ఒకరికి ఇది వస్తోంది. పేగు గోడ దాటక ముందే దొరికినవారిలో నూటికి 90 మంది అయిదేళ్ల తర్వాత కూడా బతికి ఉంటున్నారు. దూరపు అవయవాలకు పాకిన తర్వాత దొరికినవారిలో ఆ సంఖ్య నూటికి 15 ప్రాంతానికి పడిపోతోంది.

శాకాహారం విషయంలో మీవారి మాటలో కొంత నిజం ఉంది. నిల్వ చేసిన మాంసం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం 2015లో తేల్చి చెప్పింది, అది తినకపోవడం మంచిదే. కానీ రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చోవడం, నడుం చుట్టూ పెరిగిన కొవ్వు, చక్కెర వ్యాధి, వారాంతపు మద్యం, ఇవి కూడా ముప్పును పెంచేవే. మనవాళ్లలో ఇవి తక్కువేమీ కాదు. భారతదేశంలో ఈ క్యాన్సర్ అమెరికాలో కంటే చాలా అరుదన్న మాట కూడా నిజమే. అయితే ఒక దేశం నుంచి మరో దేశానికి వలస వెళ్లినవారిలో, కాలక్రమంలో ఈ జబ్బు కొత్త దేశపు స్థాయి వైపు జరుగుతుందని దశాబ్దాలుగా గమనిస్తున్నారు. మీవారు ఇక్కడికి వచ్చి ఎన్నేళ్లయిందో మీకే తెలుసు.

వంశంలో ఎవరికీ లేదన్న మాట దగ్గర మాత్రం నేను గట్టిగా అడ్డు తగులుతాను. మన తాతల కాలంలో చనిపోయినవారి జబ్బు పేరు ఎవరికి తెలుసు? కామెర్లొచ్చి పోయాడు, కడుపులో గడ్డ లేచి పోయింది, నీరసించి నీరసించి మంచం పట్టాడు అంటారు. పేగు లోపల ఎవరూ చూడలేదు. మీ ఇంట్లో అయితే, ఏడాదిగా రక్తం పడుతున్న తండ్రి ఉండగానే కొడుకు వంశంలో ఏమీ లేదంటున్నారు. మీ మామగారి పరీక్షలో ఏమి తేలుతుందన్నది మీవారికి కూడా అవసరమైన సమాచారం. తల్లిదండ్రులకు గానీ తోబుట్టువులకు గానీ ఈ క్యాన్సర్ లేదా ముదిరిన అడినోమా ఉందని తేలితే, మిగతావారు 40 ఏళ్లకే మొదలుపెట్టాలి. వారికి 60 ఏళ్లలోపే వచ్చి ఉంటే, 40 ఏళ్లకు గానీ, వారికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్లు ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు మొదలుపెట్టి, అయిదేళ్లకొకసారి కొలనోస్కోపీయే చేయించుకోవాలి. అలాగని తండ్రిగారి ఫలితం వచ్చేదాకా మీవారు ఆగనక్కరలేదు. ఆయన వయసు ఒక్కటే చాలు.

మలపరీక్ష సంగతి. ఫిట్ అనే పరీక్ష మలంలో కంటికి కనబడని రక్తాన్ని పడుతుంది, దానిని ఏడాదికొకసారి చేయించుకోవాలి. మలంలో రాలిన కణాల డీఎన్‌ఏను కూడా చూసే కొలోగార్డ్ అనే పరీక్షను మూడేళ్లకు మించకుండా చేయించుకుంటూ ఉండాలి. ముప్పు మామూలుగా ఉన్నవారికి రెండూ ఆమోదం ఉన్న మార్గాలే, వాటిని ఎంచుకున్నవారిని నేను తప్పుపట్టను. వాటి శక్తి ఎంతో మాత్రం తెలుసుకొని ఎంచుకోవాలి. రెండింటినీ పోల్చి 2014లో ప్రకటించిన పెద్ద అధ్యయనంలో, ఉన్న క్యాన్సర్లలో ఫిట్ 74 శాతాన్ని, డీఎన్‌ఏ పరీక్ష 92 శాతాన్ని పట్టుకున్నాయి. క్యాన్సర్ కాబోయే ముదిరిన బుడిపెల దగ్గరికి వచ్చేసరికి ఫిట్ 24 శాతాన్ని, డీఎన్‌ఏ పరీక్ష 42 శాతాన్నే చూపగలిగాయి. అంటే తీసేయవలసిన దశలో ఉన్నవాటిలో సగానికి పైగా వాటి కంట పడలేదు. ఫిట్‌ను ప్రతి ఏడాదీ తప్పకుండా చేయించుకుంటే ఈ లోటు కొంత పూడుతుంది. రెండుసార్లు తేదీ రద్దు చేసుకున్న మనిషి ఏటేటా గుర్తుంచుకొని చేయించుకుంటారా అన్నది మీరిద్దరూ నిజాయితీగా ఆలోచించుకోవలసిన ప్రశ్న. ఇంకొక షరతు కూడా ఉంది. మలపరీక్షలో తేడా వస్తే తర్వాతి మెట్టు కొలనోస్కోపీయే, మళ్లీ మలపరీక్ష కాదు. ఫిట్‌లో తేడా వచ్చిన 70 వేల మందిని గమనించిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. కొలనోస్కోపీ పది నెలలు దాటి ఆలస్యమైనవారిలో క్యాన్సర్ దొరకడమూ, అది ముదిరిన దశలో దొరకడమూ పెరిగాయని తేలింది.

మీవారి పరిస్థితిలో నా సలహా కొలనోస్కోపీయే. అయితే ఆయన ఇంకో ఏడాది వాదిస్తూ కూర్చునేటట్టయితే, ఈ వారమే ఫిట్ డబ్బా తెప్పించి చేయించండి. ఏమీ చేయించుకోకపోవడం కంటే అది ఎన్నో రెట్లు నయం.

పైకి చెప్పే కారణాల వెనక చెప్పని భయాలు ఉంటాయి. మగవారిలో మొదటిది సిగ్గు. పరీక్ష గదిలో ఒళ్లంతా దుప్పటి కప్పి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు, వెనక చిన్న భాగం మాత్రమే తెరిచి ఉంటుంది. రెండో నిమిషానికల్లా మత్తు వస్తుంది, లేచేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఇక్కడ ఎక్కువగా ప్రొపొఫాల్ అనే మందు ఇస్తారు, శ్వాసను, గుండెను కనిపెట్టి చూడడానికి ఒక మనిషి తలాపునే ఉంటారు. పేగుకు చిల్లు పడుతుందన్న భయం నిరాధారం కాదు. స్క్రీనింగ్ కోసం చేసే పదివేల కొలనోస్కోపీల్లో సుమారు మూడింటిలో అలా జరుగుతుంది, సుమారు పదిహేనింటిలో చికిత్స అవసరమయ్యేంత రక్తస్రావం అవుతుంది. ఎక్కువభాగం పాలిప్ తీసినచోటే. ఈ ముప్పును, పైన చెప్పిన 24 మందిలో ఒకరితో పక్కపక్కన పెట్టి చూసుకోమనండి. ఇక తీరిక విషయం. 2021 నవంబరు 19న అధ్యక్షుడు జో బైడెన్ ఇదే పరీక్షకు వెళ్లి, మత్తులో ఉండే వేళ అధ్యక్ష అధికారాలను కమలా హారిస్‌కు 85 నిమిషాల పాటు అప్పగించారు. ఆయన పేగులో 3 మిల్లీమీటర్ల అడినోమా దొరికితే తీసేశారు. మీవారి ప్రాజెక్టును ఒక రోజు చూసుకునే మనిషి ఆఫీసులో తప్పకుండా దొరుకుతారు.

అసలు కష్టం పరీక్షలో లేదు, ముందు రోజు పేగు కడుక్కోవడంలో ఉంది. అది సరిగా జరగకపోతే చేసినదంతా వృథా. మనవాళ్ల పేగులో నేను తరచుగా చూసేవి కరివేపాకు, ఆవాలు, టమాటా తొక్క, మిరప గింజలు. తిరగమోతలో వేసిన కరివేపాకు రెబ్బ మూడు రోజుల తర్వాత కూడా చెక్కు చెదరకుండా తెర మీద కనబడుతుంది. ఆవగింజ కొలనోస్కోపులోని పీల్చే గొట్టంలో ఇరుక్కుంటే దానిని వదిలించడానికే పది నిమిషాలు పోతుంది. ఒక్క టమాటా తొక్క కింద అయిదు మిల్లీమీటర్ల బుడిపె హాయిగా దాగిపోగలదు. అందుకని తేదీకి మూడు రోజుల ముందునుంచి తిరగమోత, గోంగూర, తోటకూర, నువ్వులు, జామపండు, పొట్టు పప్పులు మానిపించండి. తెల్ల అన్నం, గట్టి పెరుగు, తిరగమోత లేని మెత్తని ముద్దపప్పు కొద్దిగా, ఇడ్లీ పెట్టండి. ముందు రోజు ఏమి తినవచ్చన్నది ఒక్కో కేంద్రంలో ఒక్కో రకంగా చెబుతారు, వారు ఇచ్చిన కాగితాన్నే పాటించండి. పలుచని ద్రవాలు మాత్రమే అని రాసి ఉంటే, వడకట్టిన చారు తేట, కొబ్బరినీళ్లు, ఆపిల్ రసం, పాలు లేని టీ ఇవ్వవచ్చు. మజ్జిగ ఆ లెక్కలోకి రాదు. ఎర్రని, ఊదారంగు పానీయాలు వద్దు, అవి లోపల రక్తంలా కనబడతాయి.

విరేచనాల మందును రెండు సగాలుగా తాగాలి. మొదటి సగం ముందు రోజు సాయంత్రం, రెండో సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, కనీసం రెండు గంటల ముందే ముగించాలి. ఉదయం ఎనిమిదికి తేదీ ఇస్తే రెండో సగానికి తెల్లవారుజామున మూడింటికి లేవాలి. చాలామంది ఆ నిద్ర చెడగొట్టుకోలేక మొత్తం రాత్రే తాగేస్తారు, పొద్దున్నకు పేగు కుడివైపు మళ్లీ పసుపు జిగురుతో నిండి ఉంటుంది. నేను చెప్పిన ఆ 18 మిల్లీమీటర్ల మచ్చ ఉన్నది కుడివైపే. మందును చల్లబరిచి, స్ట్రాతో నాలుక వెనక పడేటట్టు తాగితే రుచి అంతగా తెలియదు. చివరికి వచ్చేది పలచని పసుపు నీళ్లలా, అడుగు కనబడేంత తేటగా ఉండాలి. ఇంకా గోధుమరంగులో ఉంటే బయలుదేరే ముందే కేంద్రానికి ఫోను చేయాలి.

ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి. రక్తం పలచబరిచే మందులు, చక్కెర మందులు, ఇన్సులిన్, బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే సూదులు ఇవన్నీ తేదీ తీసుకునేటప్పుడే చెప్పి, ఏది ఎప్పుడు ఆపాలో రాయించుకోవాలి. సొంతంగా ఏదీ ఆపవద్దు. మీ మామగారి విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్న పెద్దవారికి ఫాస్ఫేట్ కలిసిన విరేచన ద్రావణం హాని చేయవచ్చు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసి మందు రాయమని అక్కడి వైద్యుడిని అడగండి.

చేసే వైద్యుడు కూడా ముఖ్యమే, ఇది అడగడానికి మొహమాటపడకండి. స్క్రీనింగ్‌కు వచ్చినవారిలో ఎంతమందికి ఆయన అడినోమాలు కనిపెడుతున్నారన్న లెక్క ప్రతి మంచి కేంద్రంలోనూ ఉంటుంది. 2024లో సవరించిన అమెరికా ప్రమాణం ప్రకారం అది నూటికి 35కు తగ్గకూడదు, గొట్టం వెనక్కి తీస్తూ పేగును పరిశీలించే సమయం ఎనిమిది నిమిషాలకు తగ్గకూడదు. అడినోమాలు కనిపెట్టే ఈ లెక్క ఒక్క శాతం పెరిగితే, ఆ తర్వాతి ఏళ్లలో క్యాన్సర్ రావడం మూడు శాతం తగ్గినట్టు 2014లో ఒక అధ్యయనం చూపించింది. లేచిన తర్వాత ఇచ్చే కాగితంలో పేగు ఎంత శుభ్రంగా ఉంది, మొదటి భాగం దాకా వెళ్లగలిగారా అన్నది రాసి ఉందో లేదో చూసుకోండి. అన్నీ బాగుంటే మళ్లీ పదేళ్లకు. ఒకటి రెండు చిన్న అడినోమాలు తీస్తే ఏడు నుంచి పదేళ్లకు. మూడు నాలుగు ఉంటే మూడు నుంచి అయిదేళ్లకు. పది మిల్లీమీటర్లు, అంతకు మించినది ఉంటే మూడేళ్లకు. పేగు శుభ్రంగా లేకపోతే ఏడాదిలోపే మళ్లీ చేయించుకోవాలి.

డబ్బు గురించి మీరు అడగలేదు గానీ, తర్వాత బిల్లు చూసి బాధపడకూడదని చెబుతున్నాను. లక్షణాలు లేకుండా 45 దాటాక చేయించుకునే స్క్రీనింగ్‌కు చాలావరకు ప్రైవేటు బీమాలు పూర్తిగా చెల్లించాలి, మధ్యలో పాలిప్ తీసినా అంతే. మలపరీక్షలో తేడా వచ్చాక చేసే కొలనోస్కోపీ కూడా 2022 నుంచి ఆ లెక్కలోకే వస్తుంది. అయితే రక్తం పడుతోందనో, నొప్పి ఉందనో వచ్చిన తర్వాత చేస్తే అది నిర్ధారణ పరీక్ష అవుతుంది, అప్పుడు మీ వాటా మీరు కట్టవలసి ఉంటుంది. తేదీ తీసుకునేటప్పుడే బిల్లులో ఏ కోడ్ కింద, స్క్రీనింగ్ అనా నిర్ధారణ అనా, రాస్తున్నారో అడగండి, ఆ వైద్యుడూ, మత్తు ఇచ్చేవారూ, తీసిన ముక్కను పరీక్షించే (బయాప్సీ) ల్యాబూ మీ బీమా పరిధిలో ఉన్నారో లేదో కూడా అప్పుడే తెలుసుకోండి.

చాలా కేంద్రాల్లో ఇప్పుడు ఫోను చేస్తే తేదీ రెండు మూడు నెలల తర్వాత దొరుకుతోంది. కనుక మీవారు పూర్తిగా ఒప్పుకునేదాకా ఆగి ఫోను చేయవద్దు. ముందు తేదీ తీసుకోండి, ఒప్పించడానికి ఆ రెండు నెలలూ వాడుకోండి. ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ చోటు మాకివ్వండని కూడా చెప్పి ఉంచండి.

మీ వయసు మీరు రాయలేదు. మీకు కూడా 45 నిండి ఉంటే ఆ ఫోనులోనే మీ పేరు కూడా రాయించండి. ఇంట్లో అందరి తేదీలూ గుర్తుపెట్టుకొని తమది మాత్రం వదిలేసే ఆడవారిని నేను వారానికి ఇద్దరిని చూస్తాను. రెండు తేదీలూ ఒకే రోజు మాత్రం పెట్టుకోకండి, మత్తు ఇచ్చిన రోజు కారు నడపకూడదు కాబట్టి ఒకరిని ఒకరు ఇంటికి తీసుకురావాలి.